మెసయీద్‌లో లోహానికి నాడి పరీక్ష

శుక్రవారం సెలవునాడు పిల్లాపాపలతో సీలైన్ ఇసుక తిన్నెలకు బయలుదేరే దోహా తెలుగు కుటుంబాలకు, అల్ వక్రా దాటిన కొంతసేపటికి సముద్రం వైపున కనిపించే పొగగొట్టాలూ విద్యుత్ స్తంభాల బారులూ కొత్త కావు. అది మెసయీద్ పారిశ్రామిక నగరం. ఉక్కు, ఎరువులు, పెట్రో రసాయనాలు తయారయ్యే ఈ రేవు పట్టణంలోనే ఖతాలుమ్ అనే అల్యూమినియం కర్మాగారం ఉంది. ఖతార్ జాతీయ పెట్రోలియం సంస్థ, నార్వేకు చెందిన హైడ్రో సంస్థ చెరిసగం పెట్టుబడితో నెలకొల్పిన ఈ కర్మాగారంలో తొలి లోహం 2009 డిసెంబరులో వెలువడింది. 2010 ఏప్రిల్‌లో లాంఛనంగా ప్రారంభోత్సవం జరిగింది. ఏడాదికి 5,85,000 టన్నుల సామర్థ్యం. ఒకే విడతలో నిర్మించిన అల్యూమినియం కర్మాగారాలలో ఇంత పెద్దది అంతకుముందు లేదని నిర్మాతలు చెప్పుకున్నారు. దీని అవసరాల కోసమే 1,350 మెగావాట్ల విద్యుత్కేంద్రాన్ని పక్కనే కట్టుకోవలసి వచ్చింది.

ఒక్క కర్మాగారానికి అంత విద్యుత్తు ఎందుకన్నది ఎవరికైనా తోచే ప్రశ్న. తెలుగు ఇళ్లలో సత్తు గిన్నెలని పిలిచే పాత్రల లోహం ఇదే. భూమి పైపొరలో లోహాలన్నిటిలోకీ ఎక్కువగా ఉన్నది అల్యూమినియమే అయినా, అది ఆక్సిజన్‌ను పట్టుకున్న పట్టు అంత సులభంగా వదలదు. బాక్సైట్ ఖనిజాన్ని శుద్ధి చేస్తే వచ్చే తెల్లని పొడి అల్యూమినా. దానిని కరిగించాలంటే 2,000 డిగ్రీల సెల్సియస్‌కు మించిన వేడి కావాలి. 1886లో అమెరికాలో చార్లెస్ మార్టిన్ హాల్, ఫ్రాన్స్‌లో పాల్ ఎరూ, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండానే ఒకే ఉపాయాన్ని కనిపెట్టారు. (ఇద్దరూ 1863లో పుట్టారు, ఇద్దరూ 1914లో కన్నుమూశారు. శాస్త్ర చరిత్రలో ఇటువంటి జంట అరుదు.) క్రయోలైట్ అనే లవణాన్ని కరిగించి, అందులో అల్యూమినాను పాలలో పంచదార కలిపినట్లు కలిపి, విద్యుత్తును ప్రవహింపజేయడమే ఆ ఉపాయం. అప్పుడు సుమారు 960 డిగ్రీల దగ్గరే పని జరుగుతుంది. విడివడిన లోహం అడుగున చేరుతుంది. ఆక్సిజన్ పైనుంచి వేలాడే కర్బన ధనధ్రువాలను తిని కార్బన్ డయాక్సైడ్‌గా బయటపడుతుంది. సుమారు 140 ఏళ్లు గడిచినా ప్రపంచమంతటా నేటికీ ఇదే పద్ధతి.

ఈ క్రియ జరిగే ఉక్కు తొట్టెను కార్మికులు పాట్ అంటారు, అంటే కుండ. ఖతాలుమ్‌లో ఇటువంటి కుండలు 704. కిలోమీటరుకు మించిన పొడవు గల శాలలలో, 352 చొప్పున రెండు శ్రేణులుగా అవి అమరి ఉంటాయి. ఒక శ్రేణిలోని కుండలన్నీ దండలో పూసల వలె ఒకే విద్యుత్ప్రవాహానికి గుచ్చి ఉంటాయి. ఒక్కొక్క కుండ వద్ద ఉండే వోల్టేజి 4కు కొంచెం ఎక్కువ, అంటే టార్చిలైటులో వేసే మూడు బ్యాటరీలు ఇచ్చేంత మాత్రమే. ప్రవాహం మాత్రం 3,00,000 ఆంపియర్లు.

ఇంటర్మీడియట్ చదివే పిల్లలు ఫారడే సూత్రంతో ఇక్కడ ఒక లెక్క వేసి చూడవచ్చు. ఒక ఆంపియర్ ఒక గంటసేపు ప్రవహిస్తే 0.3356 గ్రాముల అల్యూమినియం విడివడాలి. 704 కుండలు, 3 లక్షల ఆంపియర్లు, ఏడాదికి 8,760 గంటలు: గుణిస్తే సుమారు 6,21,000 టన్నులు వస్తుంది. కర్మాగారం రూపకల్పన నాటి సామర్థ్యం 5,85,000 టన్నులు. అంటే ప్రవాహంలో నూటికి 94 పాళ్లే లోహంగా చేతికి వస్తుందని లెక్క కట్టారన్నమాట. మిగిలిన 6 పాళ్లలో ఎక్కువ భాగం, విడివడిన లోహం మళ్లీ వాయువుతో కలిసి మొదటికి రావడం వల్ల పోతుంది. ఆ 6 పాళ్ల చుట్టూనే ఇంజనీర్ల జీవితం తిరుగుతూ ఉంటుంది.

అయితే కుండలో ఏం జరుగుతున్నదో చూసే మార్గం లేదు. కరిగిన క్రయోలైట్ దాదాపు ప్రతి పదార్థాన్నీ కరిగించి మింగేస్తుంది. అందులో శాశ్వతంగా నిలిచి వివరాలు చెప్పే పరికరాన్ని ఉంచడం కష్టం. కుండ గోడలను కాపాడేది కూడా వాటి లోపలి వైపున గడ్డకట్టి నిలిచిన అదే లవణపు పొర. ద్రవం కాస్త ఎక్కువ వేడెక్కితే ఆ పొర కరిగి గోడకు ముప్పు వస్తుంది. కాస్త చల్లబడితే అల్యూమినా కరగక అడుగున మడ్డిగా పేరుకుంటుంది. ఈ రెంటికీ నడుమ ఉన్న వ్యవధి పది డిగ్రీల పరిధిలోనిదే. ద్రవంలో ఉష్ణమాపకం ముంచడం, నమూనా తీసి ప్రయోగశాలకు పంపడం రోజుకు ఒకసారో, రెండు మూడు రోజులకు ఒకసారో జరిగే పనులు. క్షణక్షణమూ అందేవి రెండే రెండు అంకెలు: శ్రేణిలో ప్రవహించే ఆంపియర్లు, కుండ మీది వోల్టులు.

శరీరంలోకి తొంగిచూడకుండానే మణికట్టు మీద మూడు వేళ్లు ఆన్చి వాత పిత్త కఫాల సంగతి చెప్పే వైద్యుని పని వంటిదే ఇది. వోల్టేజిని ప్రవాహంతో భాగించి, కొద్ది సవరణ చేస్తే కుండ నిరోధం వస్తుంది. అదే కుండకు నాడి. కంప్యూటరు దానిని క్షణక్షణమూ నమోదు చేసి, దాని ఎగుడుదిగుడులలోంచి లోపలి స్థితిని ఊహిస్తుంది. కర్మాగారంలో పోగుపడే ఇటువంటి అంకెల నుంచి అర్థాన్ని పిండే విద్యకే ఈ రోజులలో డేటా అనలిటిక్స్ అని పేరు. తెలుగులో దత్తాంశ విశ్లేషణ అనవచ్చు. పేరు కొత్తదే కాని, అల్యూమినియం పరిశ్రమ ఆ పని కంప్యూటర్లు వచ్చిన తొలినాళ్ల నుంచీ చేస్తున్నది. చేయక తప్పని పరిస్థితి దానిది.

అరిసెల పాకం పట్టే ఇల్లాలు చుక్క పాకాన్ని నీళ్లలో వేసి, వేళ్లతో ఉండ చేసి చూస్తుంది. కుండ విషయంలో ఆ సౌకర్యం లేదు గనుక కంప్యూటరు మరో తంత్రం పన్నుతుంది. ద్రవంలో అల్యూమినా 4 శాతం ప్రాంతంలో ఉన్నప్పుడు నిరోధం అత్యల్పంగా ఉంటుంది. అంతకు తగ్గినా నిరోధం పెరుగుతుంది, హెచ్చినా పెరుగుతుంది. కనుక ఒక్క అంకెను చూసి కుండ ఆకలితో ఉన్నదో, అజీర్తితో ఉన్నదో చెప్పలేము. అందుచేత కంప్యూటరు కొంతసేపు కావాలనే అల్యూమినా తక్కువగా వేయిస్తుంది. తరువాత కొంతసేపు ఎక్కువగా వేయిస్తుంది. తగ్గించినప్పుడు నిరోధం పెరుగుతూ పోతే కుండ ఆకలి వైపున ఉన్నట్లు. ఎంత వేగంగా పెరుగుతున్నదన్నది, ఆకలి ఎంత తీవ్రమో చెబుతుంది. అంకె కంటే అంకె నడకే ముఖ్యమన్నది ఇక్కడి కిటుకు. ఈ పరీక్ష ప్రతి కుండకూ రేయింబవళ్లు జరుగుతూనే ఉంటుంది.

ఆకలి మితిమీరితే ఏమవుతుందన్నదే అసలు కథ. అల్యూమినా సుమారు 2 శాతం కంటే తగ్గినప్పుడు ధనధ్రువాల అడుగున వాయువు పొరలా పరచుకుని విద్యుత్తుకు అడ్డుపడుతుంది. 4 వోల్టుల కుండ ఒక్కసారిగా 30 వోల్టుల దాకా ఎగబాకుతుంది. దీనిని ఆనోడ్ ఎఫెక్ట్ అంటారు. పాతకాలపు కర్మాగారాలలో కార్మికులు పచ్చి కర్రను ద్రవంలోకి గుచ్చి దీనిని చల్లార్చేవారు. అంతేకాదు, రోజుకు ఒకసారి ఇలా జరగడం కుండకు మంచిదనీ, అడుగున పేరుకున్న మడ్డి శుభ్రపడుతుందనీ నమ్మేవారు. లంఖణం పరమౌషధమన్నట్లు! ఆ సమయంలో క్రయోలైట్‌లోని ఫ్లోరిన్ కర్బనంతో కలిసి రెండు వాయువులు పుడతాయని, అవి సామాన్యమైనవి కావని లోకానికి చాలా ఆలస్యంగా తెలిసింది. కార్బన్ టెట్రాఫ్లోరైడ్ ఒక కిలో గాలిలో కలిస్తే, నూరేళ్ల లెక్కన సుమారు 7,000 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానంగా భూమిని వేడెక్కిస్తుంది. దాని తోబుట్టువు హెక్సాఫ్లోరోఈథేన్ సుమారు 12,000 కిలోలతో సమానం. మొదటిది వాతావరణంలో 50,000 ఏళ్లు, రెండవది 10,000 ఏళ్లు నిలుస్తాయని అంచనా. చెట్లు పీల్చుకునేవీ కావు, సముద్రం కరిగించుకునేవీ కావు.

వాతావరణ మార్పులపై ఏర్పడిన అంతర్జాతీయ నిపుణుల సంఘం 2006 మార్గదర్శకాలలో దీనికి ఒక సూత్రం ఇచ్చింది. ఈ తరహా కుండలలో, సగటున ఒక్కొక్క కుండ రోజుకు ఒక నిమిషం ఆ స్థితిలో గడిపితే, టన్ను లోహానికి 143 గ్రాముల టెట్రాఫ్లోరైడ్, దాని బరువులో సుమారు 12 శాతం రెండవ వాయువు వెలువడతాయి. 5,85,000 టన్నుల కర్మాగారాన్ని ఊహించుకుని ఈ సూత్రాన్ని అన్వయిస్తే, ఆ ఒక్క నిమిషం ఏడాదికి 7 లక్షల టన్నులకు పైగా కార్బన్ డయాక్సైడ్‌తో సమానమవుతుంది. నిమిషాన్ని 6 సెకన్లకు దించగలిగితే అది 70 వేల టన్నులకు దిగుతుంది. ఇది ఉదాహరణకు వేసిన లెక్కే గాని ఏ కర్మాగారపు నివేదికా కాదు. అయినా సెకన్ల విలువ ఎంతో దీనివల్ల బోధపడుతుంది.

డబ్బు సంగతీ చూడవలసి ఉంది. 30 వోల్టులకు ఎగబాకిన కుండ అదనంగా 26 వోల్టులు తింటుంది. 3 లక్షల ఆంపియర్లతో గుణిస్తే 7,800 కిలోవాట్లు. నిమిషానికి 130 యూనిట్లు, ఒక మోస్తరు ఇంటికి నెలకు సరిపోయే విద్యుత్తు. పైగా ఆ వేడికి కుండ గోడ పొర కరుగుతుంది, లోహం వెనక్కు కలిసిపోతుంది. అంటే ఆకాశానికి చేటు తెచ్చే నిమిషమే యజమాని జేబుకూ చిల్లు పెడుతున్నది. పర్యావరణం కోసం చేసే ఖర్చు వ్యాపారానికి బరువని తరచు వినిపించే వాదన ఈ కుండ దగ్గర నిలవదు. 1990 నుంచి ప్రపంచ అల్యూమినియం పరిశ్రమ టన్ను లోహానికి వెలువడే ఈ వాయువులను దాదాపు 90 శాతం తగ్గించగలిగింది. ఇందులో అల్యూమినాను కొద్దికొద్దిగా వేసే కొత్త యంత్రాల పాత్ర ఎంత ఉన్నదో, ఆకలిని ముందే పసిగట్టే లెక్కల పాత్రా అంతే ఉన్నది.

ఇటీవల ఈ లెక్కకు చట్టం కూడా తోడైంది. ఐరోపా సమాజం తన సరిహద్దు దాటి వచ్చే అల్యూమినియంపై కర్బన సుంకం విధించే ఏర్పాటు చేసింది. 2023 అక్టోబరులో వివరాల సమర్పణతో మొదలై, 2026 నుంచి వచ్చే సరుకుకు సుంకం వర్తించేలా దీనిని రూపొందించారు. అల్యూమినియం విషయంలో ఇది లెక్కించేది కర్మాగారం నుంచి నేరుగా వెలువడే వాయువులను. అందులో పై రెండు ఫ్లోరిన్ వాయువులూ ఉన్నాయి. కాబట్టి ఆనోడ్ ఎఫెక్ట్ సెకన్లు ఇకమీదట అమ్మకపు చీటీలోనూ కనిపిస్తాయి.

ఇక రెండవ పొదుపు, మామూలు వేళలలో కుండ తినే వోల్టేజిలో ఉంది. ధనధ్రువానికీ, అడుగున ఉన్న లోహానికీ నడుమ నాలుగైదు సెంటీమీటర్ల ఎడం ఉంటుంది. ఆ ఎడాన్ని కొంచెం తగ్గిస్తే వోల్టేజి తగ్గుతుంది. 0.1 వోల్టు తగ్గితే కుండకు 30 కిలోవాట్లు, 704 కుండలకు 21 మెగావాట్లు, ఏడాదికి 18.5 కోట్ల యూనిట్లు మిగులుతాయి. గ్యాస్ విద్యుత్తుకు యూనిట్‌కు 400 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ చొప్పున వేసుకుంటే 74,000 టన్నులు. కాని మితిమీరి తగ్గిస్తే, అయస్కాంత బలాలకు ఊగే లోహపు అలలు ధ్రువానికి తగిలి, మిగిల్చిన దానికంటే ఎక్కువ పోతుంది. ఏ కుండను ఎంతవరకు బిగించవచ్చో దాని వోల్టేజి సన్నని వణుకే చెబుతుంది. వయసు మళ్లిన కుండకూ కొత్త కుండకూ ఒకే కొలత పనికిరాదు.

ఇంతవరకూ అంకెలు చూసి చేయవలసిన పనులు. అంకెలు చూసి కూడా ఊరకుండవలసిన వేళలు ఉంటాయన్నది ఈ విద్యలో కష్టమైన పాఠం. ద్రవం వేడిగా ఉన్నదని కొలతలో తేలితే అల్యూమినియం ఫ్లోరైడ్ అదనంగా వేస్తారు. దాని ఫలితం పూర్తిగా కనిపించడానికి రోజులు పడుతుంది. మరునాటి కొలతలో వేడి అలాగే ఉన్నదని ఇంకొక మోతాదు, ఆ పై రోజు మరొకటి వేస్తూ పోతే, నాలుగవ నాటికి కుండ అమాంతం చల్లబడి మొరాయిస్తుంది. ఉమ్మడి కుటుంబంలో తోడికోడళ్లు ముగ్గురూ, ఒకరు వేసిన సంగతి మరొకరికి తెలియక పులుసులో ఉప్పు వేసినట్లే. అమెరికాలో వాల్టర్ షూహార్ట్ 1924లో నియంత్రణ పటం అనే సాధనాన్ని ప్రతిపాదించింది ఇటువంటి తొందరపాటును అరికట్టడానికే. ఏ కొలతలోనైనా సహజమైన ఊగిసలాట కొంత ఉంటుంది. ఆ హద్దులు దాటినప్పుడే కారణం వెతకాలి, దాటనప్పుడు చెయ్యి కదపరాదు. షూహార్ట్ 1947-48 శీతాకాలంలో మహలనోబిస్ ఆహ్వానం మీద భారతదేశానికి వచ్చి, ఇక్కడి పరిశ్రమలకు ఈ విద్యను పరిచయం చేశారు.

ప్రశాంత చంద్ర మహలనోబిస్ పేరు ఇక్కడ మరొక కారణం చేత కూడా తలచుకోవలసినది. 6 అడుగుల ఎత్తు మనిషి వింత కాదు, 45 కిలోల బరువు మనిషీ వింత కాదు. కాని 6 అడుగుల ఎత్తుండి 45 కిలోలే తూగే మనిషిని చూస్తే వైద్యుడు కలవరపడతాడు. విడివిడిగా హద్దులలో ఉన్న కొలతలు కలిసినప్పుడు హద్దు దాటవచ్చు. ఆ కలయిక మామూలు నుంచి ఎంత దూరమో కొలిచే సూత్రాన్ని మహలనోబిస్ 1936లో ప్రకటించారు. మనుషుల దేహ కొలతలను పోల్చడానికి పుట్టిన ఆ దూరమే నేడు కుండల రోగనిర్ణయానికి పనికివస్తున్నది. ద్రవంలో ఉష్ణోగ్రత పెరిగినప్పుడు సాధారణంగా ఫ్లోరైడ్ మిగులు తగ్గుతుంది. రెండూ ఒకేసారి పెరిగి కనిపిస్తే, ఏ ఒక్కటీ హద్దు దాటకపోయినా, ఎక్కడో ఏదో వికటించినట్లే. అది కొలతలో పొరపాటూ కావచ్చు, గోడ పొరకు వచ్చిన ముప్పూ కావచ్చు.

ఈ విద్యను విస్తరింపజేసిన వారిలో అగ్రగణ్యుడు తెలుగువాడు. కల్యంపూడి రాధాకృష్ణారావు 1920 సెప్టెంబరు 10న, నేటి కర్ణాటకలోని హడగళిలో తెలుగు కుటుంబంలో జన్మించారు. వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివి, 1941లో కలకత్తాలోని భారత గణాంక సంస్థలో మహలనోబిస్ వద్ద చేరారు. 1946లో కేంబ్రిడ్జికి వెళ్లినప్పుడు ఆయనకు అప్పగించిన పని విచిత్రమైనది: సూడాన్‌లోని జెబెల్ మోయా తవ్వకాలలో దొరికిన ప్రాచీన మానవుల ఎముకల కొలతలను మహలనోబిస్ దూరం సాయంతో విశ్లేషించడం. పుర్రెల నుంచి లోహపు కుండల దాకా ఒకే గణితం నడవడం, గణాంక శాస్త్రం వద్ద మాత్రమే చూడగలిగిన చిత్రం.

కర్మాగారాలకు సి.ఆర్. రావు ఇచ్చిన కానుక వేరొకటి ఉంది. 4 అంశాలను ఒక్కొక్కటి 3 స్థాయిలలో మార్చి ఏ కూర్పు మంచిదో తేల్చాలంటే 81 ప్రయోగాలు కావాలి. ఉష్ణోగ్రత, ఫ్లోరైడ్ మిగులు, ధ్రువాల ఎడం, లోహం లోతు అనుకుంటే, ఉత్పత్తిలో ఉన్న కుండలపై 81 రకాల ప్రయోగాలకు ఏ యజమానీ ఒప్పుకోడు. ఆయన 1940లలో అభివృద్ధి చేసిన లంబ విన్యాసాలతో, ఒక్కొక్క అంశం ప్రధాన ప్రభావాన్ని 9 ప్రయోగాలలోనే రాబట్టవచ్చు. అంశాలు ఒకదానితో ఒకటి పెనవేసుకుంటే ఈ క్లుప్తత కొంత మోసం చేస్తుందన్న హెచ్చరిక లేకపోలేదు. 1954-55లో భారత గణాంక సంస్థలో గడిపిన జపాన్ ఇంజనీరు గెనిచి తగుచి ఈ విన్యాసాలను పరిశ్రమల నాణ్యతకు ప్రధాన సాధనంగా మలిచారు. రావుగారు 2023లో అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమతి అందుకుని, అదే ఏడాది ఆగస్టులో 102 ఏళ్ల వయసున అమెరికాలో కన్నుమూశారు.

ఇంత గణితం ఉన్నా అంకెల చేతిలో లేనివి ఉన్నాయి. 2010 ఆగస్టులో, ఉత్పత్తి మొదలై ఏడాదైనా తిరగక ముందే, ఖతాలుమ్‌లో విద్యుత్తు నిలిచిపోయింది. ప్రవాహం లేని కుండ కొన్ని గంటలలోనే గడ్డకడుతుంది. నాడి చూసే యంత్రం ఎంత గొప్పదైనా నాడే ఆగినప్పుడు చేయగలిగింది లేదు. గడ్డకట్టిన కుండలను శుభ్రం చేసి, వేడెక్కించి, ద్రవం పోసి, ఒక్కొక్కటిగా తిరిగి ప్రాణం పోయడం 2011 దాకా సాగింది.

కర్బన లెక్కలోనూ అంతే. ఒక కిలో అల్యూమినియానికి సుమారు 14 యూనిట్ల విద్యుత్తు పడుతుంది. గ్యాస్ విద్యుత్తు గనుక యూనిట్‌కు 400 గ్రాముల చొప్పున 5.6 కిలోల కార్బన్ డయాక్సైడ్. ధనధ్రువాలు కాలడం వల్ల మరొక కిలోన్నర. బొగ్గుతో నడిచే కర్మాగారాలతో పోలిస్తే ఇది సగం కూడా కాదు. నార్వే జలవిద్యుత్తుతో పోలిస్తే చాలా ఎక్కువ. విశ్లేషణ దీని అంచులను చెక్కగలదు, మూలాన్ని మార్చలేదు. మూలం మారాలంటే కట్టడాలు కావాలి. ఖతార్‌లోనే దానికి నిదర్శనం ఉత్తరాన రాస్ లఫాన్ రేవులో ఉంది. మైనస్ 162 డిగ్రీల ద్రవ సహజవాయువును ఓడలకు ఎక్కించేటప్పుడు కొంత ఆవిరై, పూర్వం రేవులోనే మంటగా కాలిపోయేది. సుమారు 100 కోట్ల డాలర్ల ఖర్చుతో నిర్మించిన ఏర్పాటు 2014 నుంచి 6 ఓడ బెర్తుల వద్ద ఆ ఆవిరిని పట్టి వెనక్కు పంపుతున్నది. దీనివల్ల ఏడాదికి 16 లక్షల టన్నుల కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుందని అంచనా వేశారు. ఎంత పోతున్నదో కొలిచినందువల్లనే అంత ఖర్చుకు సాహసించగలిగారు. కాని కొలవడంతో పని అయిపోలేదు, గొట్టాలు వేయవలసి వచ్చింది. 2022లో ప్రారంభమైన అల్ ఖర్సా సౌర విద్యుత్కేంద్రం 800 మెగావాట్లది. అయితే సూర్యుడు అస్తమించాక కుండలు ఆగి ఎదురుచూడలేవు.

లెక్కలోకే రానివీ ఉన్నాయి. ఖతార్‌లో బాక్సైట్ లేదు. అల్యూమినా ఓడల మీద దిగుతుంది. ఖనిజాన్ని శుద్ధి చేసినచోట మిగిలే ఎర్రని బురద, తవ్విన కొండ, ఆ కొండ మీద బతికిన జనం మెసయీద్ కంప్యూటరులో అంకెలుగా కనిపించరు. విశాఖ మన్యంలోని బాక్సైట్ కొండల కోసం గిరిజనులు దీర్ఘకాలం చేసిన పోరాటం ఎరిగిన తెలుగు పాఠకులకు ఈ సంగతి వివరించనక్కరలేదు.

మెసయీద్‌లో మాత్రం, కుండల తరువాత లెక్కించవలసినవారు మనుషులు. గల్ఫ్ దేశాల యార్డులలో, రేవులలో, నిర్మాణ స్థలాలలో పనిచేసే వారిలో నిజామాబాద్, జగిత్యాల, కరీంనగర్, కడప, గోదావరి జిల్లాల వారు ఎందరో. వారి విషయంలోనూ ఒక్క అంకెను నమ్మడం ప్రమాదమే. ఖతార్‌లో 2007 నుంచి వేసవి మధ్యాహ్నాలలో ఆరుబయట పని నిషేధం ఉండేది. అది గడియారాన్ని, తేదీని మాత్రమే చూసేది. 2021లో ఆ నిబంధనను సవరించారు. జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 వరకు ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 3.30 దాకా ఆరుబయట పని ఆపాలి. అదిగాక, తడిగోళ ఉష్ణసూచిక 32.1 డిగ్రీలు దాటితే ఏ వేళనైనా సరే పని నిలిపివేయాలి. కార్మికుల శరీర ఉష్ణోగ్రత, చెమట, పని వేగం వంటివి అక్కడి ఎండలోనే కొలిచి చేసిన పరిశోధన ఈ మార్పుకు ఆధారమైంది.

ఆ సూచిక మూడు ఉష్ణమాపకాల కలయిక. తడిగుడ్డ చుట్టిన దాని కొలతలో 70 పాళ్లు, ఎండలో ఉంచిన నల్లని గోళంలోని దానిలో 20 పాళ్లు, నీడలోని మామూలు దానిలో 10 పాళ్లు కలుపుతారు. తడిగుడ్డకే అంత పెద్దపీట ఎందుకంటే, చెమట ఆరగలదా లేదా అన్నది చెప్పేది అదే. రామగుండం ఎండకూ మచిలీపట్నం ఉక్కకూ తేడా తెలిసినవారికి ఇది కొత్త కాదు. ఉదాహరణకు, ఎడారి గాలి వీచే ఒక పొడి రోజున నీడలో 44, గోళంలో 54, తడిగుడ్డలో 24 ఉన్నాయనుకుంటే సూచిక 32.0 అవుతుంది. సముద్రపు తేమ కమ్మిన మరొక రోజున నీడలో 37, గోళంలో 42, తడిగుడ్డలో 31 ఉంటే సూచిక 33.8. మొదటి రోజున సాయంత్రం 4 గంటలకు నిబంధన ప్రకారం పని నడవవచ్చు. రెండవ రోజున ఆపి తీరాలి. ఆనాడు ఊరి నుంచి ఫోను చేసి, అక్కడ ఎండ ఎలా ఉందని అడిగే ఇంటివారికి వాతావరణ సూచనలో కనిపించేది 37 డిగ్రీలే.